ఊపి చూసే సిస్టరుగారు

మా ఫ్రిజ్ పై అరలో, ఐసు కట్టే చోట, నాలుగు తెల్లటి ప్లాస్టిక్ ప్యాకులున్నాయి. అరచేతి వెడల్పు, లోపల నీళ్లు, మూలకి చిన్న బిరడా. టీకా మందులు చల్లగా ఉండడానికి డబ్బాలో పెట్టుకునే ఐసు ప్యాకులవి. మా ఆయన వారానికోసారి వాటిని చూసి, "ఇవి తీసేస్తే ఆ జాగాలో చేపలు పెట్టుకోవచ్చు కదా" అంటారు. తీయనివ్వను. చేపలు ఏ రోజువి ఆ రోజు తెచ్చుకుందాం, ఏం పోయింది. ఆ ప్యాకుల మనిషి మొన్న శ్రావణంలో, వాన తెరిపివ్వని వారంలో, పోయారు.

నర్సీపట్నంలో మా వీధి చివర చర్చి వెనక వరసలో ఉండేవారు ఆవిడ. కొండల మీద ఊళ్లు తిరిగి పిల్లలకి టీకాలు వేసే నర్సుగా ఏజెన్సీలో ముప్పై ఏళ్లకి పైగా పనిచేసి రిటైరయ్యారు. మాకు సిస్టరుగారు. ఆవిడ జీవితం గురించి ఇంతకు మించి నేను పెద్దగా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నాకు తెలిసినదల్లా ఆవిడ చేతులు, ఆవిడ నడక, ఆవిడ మాట.

ముందు చేతుల సంగతి. ఆవిడ దేన్నీ ఊపి చూడకుండా నమ్మేవారు కాదు. కొబ్బరికాయని అందరూ ఊపుతారు, అందులో వింత లేదు. ఆవిడ అగ్గిపెట్టె ఊపేవారు, టార్చిలైటు ఊపేవారు, మందు సీసా సరే సరి. శుభలేఖ ఇస్తే కవరు విప్పకుండా చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి అప్పుడు విప్పేవారు. మేం ఇన్వర్టర్ కొన్నప్పుడు చూడ్డానికొచ్చి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎత్తలేక వదిలేసి మా ఆయన్ని అడిగారు, "ఊపకుండానే ఎలాగ నమ్మీసినావు బాబూ?" అని.

నడకలో ఎడమ భుజం ఒక అంగుళం కిందికి ఉండేది. ఏళ్ల తరబడి డబ్బా పట్టీ మోసిన భుజం. మోకాళ్లు రెండూ అరిగిపోయాక కూడా, కూరగాయలకి వెళ్లినా సరే, పాదం మొత్తం నేలకి ఆనించి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, కొంచెం ముందుకి వంగి నడిచేవారు. చదునైన మెయిన్ రోడ్డు మీద కొండెక్కుతున్న మనిషిలా కనిపించేవారు. కాలేజీ డ్యూటీకి పోతూ మేం నవ్వుకునేవాళ్లం.

ఇక మాట. ఎవరు ఏ తొందరలో ఉన్నా ఆవిడది ఒకటే మాట, "సెమట పట్టనీ." సంబంధం కుదిరింది, రేపే తాంబూలాలంటే, "సెమట పట్టనీమ్మా." పక్కింటివాళ్లతో గోడ తగాదా వచ్చి కోపంగా బయల్దేరితే, "ఆగు, సెమట పట్టనీ ముందు." అర్థం ఏమిటో మాకు తెలియదు. పెద్దావిడ అలవాటు మాట అనుకుని ఊరుకునేవాళ్లం.

రెండేళ్ల కిందట కార్తీకంలో మా కాలేజీ స్టాఫ్ అంతా ఏజెన్సీలో ఒక కొండెక్కడానికి వెళ్లాం. పైన ఒక ఊరుంది. ఎక్కడానికి నాలుగు గంటలు, దిగడానికి మూడు. ఆ కొండ పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి చిప్స్ ప్యాకెట్లతో వందమంది పోతారు. నేను లైబ్రేరియన్‌ని. నలభై ఎనిమిదేళ్లు, ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీ, కొత్తగా షుగరు. అయినా నాకు రోషం ఎక్కువ. వ్యాన్ దిగగానే కుర్ర లెక్చరర్ల కంటే ముందు పరుగులాంటి నడకతో ఎక్కేశాను. సగం దారిలో పనసచెట్టు కింద బండ మీద కూలబడ్డాను. కళ్లు తిరిగాయి, కాళ్లు లేవలేదు. ఇద్దరు మేడమ్‌లు చెరో రెక్క పట్టుకుని కిందికి దింపారు. సాయంత్రానికి నన్నలా దింపుతున్న ఫోటో స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద "లైబ్రరీ క్లోజ్డ్" అని రాసి. పదిహేడు నవ్వు బొమ్మలు. లెక్కపెట్టాను.

మర్నాడు పొద్దున్న సిస్టరుగారు మా గుమ్మంలో ఉన్నారు.

"నీ పోటో సూసినానమ్మాయ్. చర్చిలో ఎవులో సూపించినారు. ఎక్కడ కూలబడ్డావు, పనసచెట్టు కాడేనా?"

"అవునండి."

"ఆ బండ అందుకే ఉన్నాది. నానూ కూలబడినాను అక్కడ, ఉజ్జోగంలో సేరిన కొత్తలో." లోపలికొచ్చి కూర్చోకుండానే అడిగారు, "మళ్లీ ఎల్తావా, ఎల్లవా? అది సెప్పు."

"వెళ్తానండి" అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదు. ఆ ఫోటో మీద మంట.

ఆవిడ నా రెండు భుజాలూ పట్టుకుని ఒకసారి ఊపారు. నిజంగానే, కొబ్బరికాయని ఊపినట్టు. "లోపల సరుకున్నాది. రేప్పొద్దున్న బేగి లెగు" అని వెళ్లిపోయారు.

అలా మొదలైంది మా ట్రైనింగు. మళ్లీ కార్తీకానికి ఏడాది ఉంది. నేను రెండు నెలలు చాలనుకున్నాను, ఆవిడ ఏడాదీ కావాలన్నారు.

బూట్లు కొన్నాను. ఆవిడ వాటిని ఊపి చూశారు, మడమ వంచి చూశారు, తర్వాత వంటింట్లో వేసుకోమన్నారు. "ఈటితోనే అన్నం వొండు, ఈటితోనే అంట్లు తోము. నీ కాలు దాన్ని నమ్మాల." నెలరోజులు బూట్లతో వంట చేశాను. మా అత్తగారు చూడ్డానికొచ్చి, నా కాళ్ల వంక చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు. కాలి గోళ్లు సిస్టరుగారే దగ్గరుండి తీయించారు. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకి తన్నుకుని గోళ్లు నల్లబడతాయట. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు దాహం వేయకముందే తాగడం నేర్పారు.

అసలు పాఠం మాత్రం డబ్బాతో. తుక్కు కింద పోవాల్సిన ఒక పాత నీలం టీకా డబ్బాని అడిగి తెచ్చుకున్నారట రిటైరయ్యేటప్పుడు. మూత సరిగా పట్టదు. దాన్లో ఒక ఐసు ప్యాకు పెట్టి నా భుజానికి తగిలించేవారు. బలిఘట్టం వరకూ నడవాలి, అక్కడ గుడి మెట్లు ఎక్కి దిగాలి, నడిచి రావాలి. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉండేవారు. నేను రాగానే "ఎలాగుంది?" అని అడిగేవారు కాదు. ప్యాకు తీసి చెవి దగ్గర ఊపేవారు. ఎంత నీరైంది, లోపల గడ్డ ఎంత మిగిలింది అన్నది ఆ చప్పుడుని బట్టి చెప్పేవారు. దాన్నిబట్టి నేను ఎక్కడ కూర్చున్నానో, ఎక్కడ పరుగెత్తానో కూడా చెప్పేవారు. "మెట్ల కాడ టీ తాగినావు" అన్నారొకసారి. తాగాను.

పరుగు కూడదు, ఆగడం కూడదు. ఎక్కుతున్నప్పుడు ఆయాసం రాకుండా ఒక పాట పాడగలగాలి, పాట తెగితే అడుగు తగ్గించాలి. ఇది ఆవిడ లెక్క. ఆవిడకి చర్చి పాటలున్నాయి. నాకు పాటలు రావు. "ఎక్కాలొచ్చా?" అన్నారు. వచ్చు. అలా గుడి మెట్ల మీద పదిహేడో ఎక్కం పైకి చెప్పుకుంటూ ఎక్కేదాన్ని. దర్శనానికొచ్చిన వాళ్లు అదేదో మొక్కు అనుకుని దారిచ్చేవారు.

బయల్దేరే ముందు ఇంకో తంతు. ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకుని వెంటనే డబ్బాలో పెట్టనిచ్చేవారు కాదు. గట్టు మీద పెట్టి, దాని ఒంటి మీద నీటి బొట్లు పట్టేదాకా కూర్చోబెట్టేవారు. ఈలోగా నేను చేతులూ కాళ్లూ ఆడించాలి. నాకు విసుగు. అరగంట వృథా.

ఫాల్గుణమాసంలో ఒక శనివారం నాకు బద్ధకం వేసింది. ఆ వేళ మాకవరపాలెం రోడ్డు మీద దూరం నడక. నాలుగు కిలోమీటర్లు పోయాక ఎండ మాడ్చేసింది. ఎదురుగా ఖాళీ ఆటో వస్తోంది. ఎక్కేశాను. వీధి మొదట్లో దిగి, ముఖం తుడుచుకోకుండా, ఆయాసం తెచ్చుకుని నడిచొచ్చాను. ఏభై ఏళ్ల దగ్గర పడ్డ మనిషిని, దొంగతనంగా నడిచొచ్చాను.

ఆవిడ ప్యాకు తీసి ఊపారు. రెండోసారి ఊపారు. చెవి మార్చి మూడోసారి ఊపారు.

"గడ్డ కరగలేదు" అన్నారు. "ఆటో ఎక్కీసినావా?"

ముఖం కాలిపోయింది. తిడతారనుకున్నాను. ఆవిడ జరిగి అరుగు మీద చోటిచ్చారు.

"నీకొకటి సెప్తాను, కూకో. ఉజ్జోగంలో మొదటేడు. పనసచెట్టు కాడ కూలబడ్డానని సెప్పినాను గదా, ఆ రోజు సంగతే. ఐసు ప్యాకులు సెమట పట్టేదాకా ఉంచి, ఊపితే లోపల నీళ్లు సప్పుడయ్యాకే డబ్బాలో పెట్టాల. అలగ సెప్పినారు మాకు. ట్రిపుల్ మందు ఉంటాది సూడు, కోరింత దగ్గు రాకుండా ఏసేది, దానికి సల్లదనం కావాల గానీ గడ్డ కట్టకూడదు. గడ్డ కడితే సచ్చిపోతాది మందు. నాకు బస్సు తొందర. రాయిలాటి ప్యాకులు పెట్టీసినాను."

"తర్వాతండి?"

"ఎక్కినాను. కూలబడినాను, లెగిసినాను, మళ్లీ ఎక్కినాను. పైన పదకొండు మంది తల్లులు పిల్లల్నెత్తుకుని కూకున్నారు. పోడు పని మానీసి, నా కోసం. సీసా తీసి ఊపినాను. పాలు ఇరిగినట్టు లోపల తునకలు తునకలు." ఆవిడ రెండు వేళ్లతో సీసా పట్టుకున్నట్టు పట్టుకుని నాకు చూపించారు. "ఎవులికి తెలుస్తాది సెప్పు. గుచ్చీసి, రిజిస్టర్లో రాసీసి దిగిపోతే ఎవులికి తెలుస్తాది. పక్కన ఎవులూ లేరు. కాళ్లు పుళ్లు."

"ఏం చేశారు?"

"నిలబడి సెప్పినాను. అమ్మా, నా తప్పు, మందు పాడైపోనాది, రేపు మళ్లీ తెస్తానని. ఒకావిడ ఎన్నెన్ని తిట్టిందో. కూలి పోయిందని, సదువుకున్న మొకమని. పడ్డాను. దిగొచ్చి, రాత్రికి ఆస్పత్రిలోనే పడుకుని, మర్నాడు కొత్త మందుతో మళ్లీ ఎక్కినాను. ఇద్దరే ఉన్నారు ఊర్లో. తొమ్మిది మంది పోడుకి పోయినారు. ఆ గట్టూ ఈ గట్టూ ఎక్కి ఒక్కొక్కల్ని ఎతుక్కుని, సేలోనే ఏసినాను. పదకొండూ."

ప్యాకుని నా ఒళ్లో పెట్టారు. "ఎల్లి మొకం కడుక్కో. సోమవారం ఎల్దువు గాని."

ఆ రోజు తెలిసింది నాకు చెమట పట్టడం అంటే ఏమిటో. ఆ రోజు నుంచి ఆవిడ నడక చూసి నవ్వలేదు. నాలుగు కిలోమీటర్లకే ఆటో ఎక్కిన నేనెక్కడ, రెండు రోజుల్లో రెండుసార్లు ఆ కొండెక్కిన ఆవిడెక్కడ. సిగ్గేసింది, చెప్పుకోడానికి అడ్డేముంది. ఆ సోమవారం మొదలు మళ్లీ ఆటో ఎక్కలేదు.

కార్తీకం వచ్చింది. బయల్దేరే ముందు సిస్టరుగారు డబ్బాలో నాలుగు ప్యాకులూ పెట్టారు, చెమట పట్టాకే. ఉప్పు పంచదార పొడి పొట్లాలు, కట్టుగుడ్డ కూడా. కొండెక్కడానికి ఈ బరువెందుకండీ అన్నాను.

"ఉత్త సేతుల్తో ఆ ఊరు నానెప్పుడూ ఎల్లలేదు. నువ్వూ ఎల్లకు."

వ్యాన్‌లో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఈసారి లైబ్రరీ ఐస్‌క్రీమ్ అమ్ముతోందా అని ఎవరో అన్నారు. వ్యాన్ దిగాక ఒక పక్కన నిలబడి చేతులూ కాళ్లూ ఆడించుకున్నాను. అందరూ వెళ్లాక చివర బయల్దేరాను. చిన్న అడుగులు, పాదం మొత్తం నేలకి. పదిహేడొకట్ల పదిహేడు. పనసచెట్టు దగ్గరకొచ్చేసరికి ముందు పరుగెత్తిన వాళ్లలో నలుగురు ఆ బండ మీద ఉన్నారు. నేను ఆగలేదు. పదిహేడు తొమ్మిదులు నూట ఏభై మూడు అని వాళ్లకి వినబడేలాగే అన్నాను. ఆ మాత్రం పొగరు నాకుంది.

పై ఊరికి మొదట చేరింది నేను కాదు, మూడోదాన్ని. కాని నా కాళ్ల మీద చేరాను. గాలి చల్లగా తగిలింది, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఒక ఇంటి ముందు పసుపు ఆరబోస్తున్న ఆవిడ తలెత్తి చూసింది. అరవై దాటి ఉంటాయి. నా ముఖం చూడలేదు, నా భుజం చూసింది.

"సిస్టరమ్మ డబ్బా!"

లేచి వచ్చి, నన్ను అడక్కుండా, మూత తీసి ఒక ప్యాకు పైకి తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

అదే చెయ్యి, అదే వంపు.

"కదుల్తంది, మంచిదే" అంది. "సిస్టరమ్మేదీ?"

మోకాళ్లు పోయాయి, ఎక్కలేరు, నన్ను పంపారు అని చెప్పాను. ప్యాకు ఎందుకు ఊపావమ్మా అని అడిగాను.

"మాకదే అలవాటు. ఎవులు సూది తెచ్చినా ముందు ఊపి సూపించమంటాం. సీసా ఊపాల, ఐసు ఊపాల, అప్పుడే పిల్లని ఒళ్లో కూకోబెడతాం. కొత్త సిస్టర్లకి ఇసుగే. అయినా ఇనం. మందు పాడైనాదని మా మొకం మీద సెప్పింది ఆయమ్మ ఒకర్తే. ఆ రోజు తిట్టింది నానే."

"నువ్వా?"

"నానే. మర్నాడు నా సేను కాడికొచ్చి నా కూతురికి ఏసింది. కాళ్లమ్మట రగతం. ఇంకేటి తిడతాను."

డబ్బా ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఎవరెవరో పట్టుకు చూశారు. మా స్టాఫ్ సెల్ఫీలు మానేసి నిలబడ్డారు. ఫోటో పెట్టిన పెద్దమనిషి దిగేటప్పుడు డబ్బా తను మోస్తానన్నాడు. ఇవ్వలేదు.

దిగడంలో మోకాళ్లు ఏడ్పించాయి, ఆవిడ ముందే చెప్పినట్టు. గోళ్లు మాత్రం నల్లబడలేదు.

సాయంత్రం సిస్టరుగారు అరుగు మీదే ఉన్నారు. ఎక్కావా అని అడగలేదు. చెయ్యి చాచారు. ప్యాకు ఇచ్చాను. ఊపారు. చిన్న గడ్డ ఒకటి ఇంకా లోపల తగులుతోంది. తలూపారు. అప్పుడు పైన జరిగిందంతా చెప్పాను.

"ఇంకా ఊపుతన్నారేటి?"

"పుట్టిన ప్రతి పిల్లకీనండి."

"ఆ తిట్టినావిడ బతికున్నాదేటి! బాగున్నాదా?" పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకున్నారు. "సూసినావా అమ్మాయ్, నా తప్పు ఆళ్లింకా మర్సిపోలేదు" అన్నారు. తను చేసిన తప్పు గురించి అంత గర్వంగా చెప్పుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆవిడ పక్కన కూర్చున్నందుకు నాకూ గర్వంగానే ఉంది. ఇప్పటికీ ఉంది.

వానల్లో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో వెళ్లిపోయారు. డబ్బా నాకిమ్మని ముందే చెప్పి ఉంచారట.

మళ్లీ కార్తీకం. ఈ ఉదయం స్టాఫ్ వ్యాన్ వస్తుంది. ఆ ఊళ్లో ఫోన్లు పలకవు. ఆవిడ పోయిన సంగతి వాళ్లకి తెలిసి ఉండదు. డబ్బా చూడగానే పసుపు ఆరబోసే ఆవిడ లేచి వస్తుంది. ప్యాకు ఊపుతుంది. తర్వాత అడిగే ప్రశ్న నాకు తెలుసు.

ఒంట్లో బాగా లేదు, వచ్చే ఏడాది వస్తారు అని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? వారం నుంచి ఆ మాటే నోట్లో తిరుగుతోంది. కొండెక్కడం కంటే ఇదే కష్టంగా ఉంది నాకు.

నాలుగు ప్యాకులూ తీసి వంటింటి గట్టు మీద పెట్టాను. మా ఆయన ఖాళీ అయిన ఫ్రీజర్ వైపు చూశారు గాని చేపల మాట ఎత్తలేదు. "టైమైపోతోంది, వ్యాన్ వచ్చేస్తుంది" అన్నారు.

"ఉండండి, చెమట పట్టనీ" అన్నాను.

బొట్టు బొట్టుగా పట్టింది. ఒకటి తీసి చెవి దగ్గర ఊపాను. లోపల నీళ్లు కదిలాయి. డబ్బాలో సర్ది, పట్టీ ఎడమ భుజానికి తగిలించుకున్నాను. ఆ రోజు ఆ తల్లులకి ఆవిడ చెప్పినట్టే, నేనూ అందరి ముందూ నిలబడి నిజం చెప్తాను.